రెండు కొలువుల సిపాయి – మెడికల్ బోర్డు తీర్పు

నేను ముప్పది సంవత్సరములకు పైగా తెలుగు పండితుడనుగా నుండి విశ్రాంతి గొన్నవాడను. నాకు ఖడ్గవిద్యయు రాదు, వైద్యవిద్యయు రాదు. అట్టి నేను సైన్యములోని మెడికల్ బోర్డును గూర్చి ప్రసంగింప బూనుట చూచి మీలో కొందరు నవ్వవచ్చును. కాని యీ విషయమే నన్ను వెదకికొని మా యింటి యరుగు మీదికి వచ్చినది. నేను దానిని వెదకికొని పోలేదు.

మాది వీరులపాడు. నందిగామకును జగ్గయ్యపేటకును చుట్టుపట్ల నున్న మెట్ట గ్రామములలో నొకటి. 2022వ సంవత్సరము వరకు కృష్ణా జిల్లాలోనిది, ఇప్పుడు ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది. ప్రత్తియు మిరపయు పండు నేల. వాన పడినయెడల తిండి, పడనియెడల అప్పు. ఊరి పేరు విని ఆ వీరులెవరని అడుగువారు కలరు. పేరునుబట్టి చరిత్ర కల్పించుట మావంటి పండితులకు మిక్కిలి సులభము. కావున ఆ పని మానుకొనుచున్నాను. ఒకటి మాత్రము నిజము. మెట్ట గ్రామములలో ఇంటికి ఇద్దరు కొడుకులున్నచోట ఒకడు నాగలి పట్టుటయు, రెండవవాడు సిపాయిగా చేరుటయు నాకు చిన్ననాటినుండి తెలిసిన సంగతి. పశ్చిమగోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము దగ్గర మాధవరమను గ్రామము కలదు. అచటినుండి తరతరములుగా సైన్యమునకు పోయినవారి సంఖ్యనుబట్టి దానిని జనులు మిలిటరీ మాధవరమందురు. మా ఊరికి అంతటి కీర్తి లేదుగాని, మా పాఠశాలలో నా యొద్ద పద్యము అప్పగింపలేక గోడకుర్చీ వేసినవారిలో కొందరు కాశ్మీరమునందును అస్సాములోను కావలి కాచిరి.

అట్టివాడొకడు గత సంవత్సరము ఒక సాయంకాలమున ప్లాస్టిక్ సంచిలో కాగితముల కట్టతో వచ్చి అరుగుమీద కూర్చుండెను. కుడికాలు చాచియే కూర్చుండెను; మడవలేడు. "మాస్టారండీ, ఇందులో ఏం రాశారో కాస్త చూడండి. నాకు పెన్షను లేదన్నారు. ఎందుకు లేదో ఇందులోనే ఉందంట" అనెను. నా ఇంగ్లీషు నిఘంటువు చేతబట్టి నడచునది. నాతో పని చేసిన ఇంగ్లీషు మాస్టరును పిలిపించి, ఇద్దరమును కలిసి మూడు సాయంకాలములు ఆ కట్టను చదివితిమి. ఆ మూడు సాయంకాలములలో నేర్చినదియు, తరువాత న్యాయస్థానముల తీర్పులు చదివి తెలిసికొన్నదియు నేడు మీకు విన్నవింతును.

సైనికుని శక్తిని అంకెతో కొలుచుట క్రొత్తది కాదు. భారతమున ఉద్యోగపర్వమునందు యుద్ధమునకు ముందు భీష్ముడు కౌరవసేనలోని యోధులను వరుసగా లెక్కించును. వీడు రథుడు, వీడు అతిరథుడు అని చెప్పుచు వచ్చి, కర్ణుని దగ్గర ఆగి అర్ధరథుడనును. కారణములును చెప్పును. సహజమైన కవచకుండలములు పోయినవి, పరశురాముని శాపము కలదు, కావున సగము. ఇది తిట్టుగా మనము చదువుకొందుము. కర్ణుడును అట్లే తలచి, భీష్ముడు పడువరకు ఆయుధము పట్టనని పంతము పట్టెను. కాని చూడుడు. అది నూటికి యాబది చొప్పున వేసిన వైకల్యపు లెక్కయే. అందులో న్యాయమైన అంశమొకటి కలదు: భీష్ముడు అంకె చెప్పి ఊరకుండక కారణము చెప్పెను. ఇంకొక అంశము మన దృష్టికి రాదు. కవచమును కర్ణుడు ఎవరికొరకు పోగొట్టుకొనెను, ఎప్పుడు పోగొట్టుకొనెను అను ప్రశ్న ఆ సభలో ఎవరును అడుగలేదు. మన మెడికల్ బోర్డు అడుగవలసిన ప్రశ్న అదియే.

సిపాయి కొలువు ముగియుటకు త్రోవలు పెక్కులు. గడువు నిండి పింఛనుతో వచ్చుట ఒకటి. దానికి సామాన్యముగా 15 సంవత్సరముల సేవ కావలెను. రోగముచేతనో గాయముచేతనో ఇక పనికి రాడని గడువు నిండకమునుపే పంపివేయుట మరియొకటి. దీనిని సైనికులు బోర్డ్ అవుట్ అందురు. రెండు త్రోవలలోను తుదిని వైద్యుల బోర్డు కూర్చుండి పరీక్షించి ఒక పత్రము వ్రాయును. 2022లో వచ్చిన అగ్నిపథ పద్ధతిలో నాలుగు సంవత్సరములకు చేరినవారి సంగతి వేరు. వారికి పింఛను లేదు; సేవవలన కలిగిన వైకల్యము నూటికి 50, 75, 100 అయినచో వరుసగా 15, 25, 44 లక్షల రూపాయలు ఒక్కమారుగా ఇచ్చు నియమము కలదు. నేడు నేను చెప్పునది వారిని గూర్చి కాదు.

నేను చెప్పునది రెండుమార్లు కొలువు చేసినవారిని గూర్చి. పూర్వము సిపాయిలు కొన్ని సంవత్సరములు పలటములోను, పిమ్మట కొన్ని సంవత్సరములు రిజర్వులోను ఉండెడివారు. రిజర్వులోనివాడు ఇంట సేద్యము చేసికొనుచు పిలుపు వచ్చినపుడు పోవలెను. 1888 నాటి రిజర్వు దళముల చట్టము దీనికి మూలము. ఆ పద్ధతి సన్నగిల్లినది కాని రెండవ కొలువు పోలేదు. ముప్పదియైదు నలువది యేండ్లకే ఇంటికి వచ్చిన సిపాయికి బిడ్డల చదువులును, పెండ్లిండ్లును అప్పుడే మొదలగును. వాడేమి చేయును? సైనిక స్థలములను కాపాడుటకు 1947లో ఏర్పడిన డిఫెన్స్ సెక్యూరిటీ కోరు కలదు. దాని కేంద్రము కేరళలోని కన్ననూరు. అందు చేరువారు పలటములనుండి విరమించి వచ్చినవారే. 1948 నాటి చట్టముచే ఏర్పడి, మరుసటి సంవత్సరము అక్టోబరు 9వ తేదీన రాజగోపాలాచారిగారిచే ప్రారంభింపబడిన టెరిటోరియల్ ఆర్మీ కలదు. దాని పలటమొకటి మన సికిందరాబాదులోనే యున్నది. ఆ ఆర్మీలోని పర్యావరణ పలటములలో చేరువారు చాలవరకు మాజీ సైనికులే. మా శిష్యుడును ఇట్లే మరల యూనిఫారము వేసికొనెను. ఏ దళములోనో చెప్పుట ఇచట అనవసరము.

ఇక బోర్డు ఏమి చూచునో చెప్పెదను. సైనికుని దేహమును అయిదు భాగములుగా విభజింతురు: మనస్సు, వినికిడి, కాలుసేతులు, దేహశక్తి, చూపు. ఇంగ్లీషులో వాని మొదటి అక్షరములు కలిపి షేప్ అందురు. ఒక్కొక్కదానికి 1 మొదలు 5 వరకు తరగతి. 1 అనగా ఏ లోపమును లేదు. 5 అనగా సైనిక విధికి పనికిరాడు. ఈ విభాగము శాస్త్రీయముగ నున్నది, నాకు నచ్చినది. పిదప బోర్డు మూడు ప్రశ్నలకు సమాధానము వ్రాయును. ఇతడు పనికి వచ్చునా, రాడా? ఈ వైకల్యమునకు సైనిక సేవ కారణమా, కాదా? వైకల్యము నూటికెంత, ఎంతకాలముండును? మొదటి ప్రశ్నలో తగవు తక్కువ. కాలు మడవలేనివానికి తాను పరుగెత్తలేనని తెలియదా? కుటుంబము అన్నము తినుటయో మానుటయో తేల్చునది రెండవ ప్రశ్న.

దానికి రెండు మాటలు వాడుదురు. ఒకటి, వైకల్యము సేవవలన పుట్టినది. రెండు, వేరొక చోట పుట్టినదైనను సేవవలన పెరిగినది. నేనైతే మొదటిదానిని సేవాజనితమనియు, రెండవదానిని సేవావర్ధితమనియు అందును. ఈ రెంటిలో ఏదైనను పింఛనుకు అర్హతయే. ఇది మావాండ్రు చాలమందికి తెలియదు. "రోగము నా వంశములోనిదే గదా, సర్కారు ఏమిచ్చును?" అని ఊరకుందురు. విత్తనము ఎవనిదైనను కావచ్చును. నీరు పోసి పెంచినవాడెవడు అనియు చట్టమడుగును. పదునెనిమిది వేల అడుగుల ఎత్తున మంచులో కావలి కాచినవాని రక్తపుపోటు, తన పొలముగట్టున కూర్చున్నవాని రక్తపుపోటువంటిది కాదు గదా.

ఋజువు చేయవలసిన భారమెవరిది? తర్కము చదువుకొన్నవానికి ఇదియే ఆసక్తి గల భాగము. 1982 నాటి అర్హతా నియమములలో కొన్ని వాక్యములు సైనికునికి కవచకుండలములవంటివి. చేరునాడు పత్రములో వ్రాయబడిన లోపములు తప్ప, తక్కిన విషయములలో వాడు ఆరోగ్యవంతుడేయని ఎంచవలెను. పిమ్మట రోగముచే పంపివేయబడినచో ఆ చెరుపు సేవవలననే కలిగినదని భావింపవలెను. ఋజువు చేయుమని సైనికుని అడుగరాదు. సందేహము కలిగినచో దాని లాభము వానికే. మా శాస్త్రములో అనుపలబ్ధి యను ప్రమాణము కలదు. నేలమీద కుండ ఉండియున్నచో కనబడియుండెడిది, కనబడలేదు, కావున లేదు. చేరునాడు వైద్యులు తలనుండి పాదములవరకు చూచి రోగము కలదని వ్రాయలేదు, ఉండియున్నచో కనబడియుండెడిది, కావున నాడు లేదు. ఇంత సూటియైన అనుమానమును నిలబెట్టుటకు ఒక సిపాయి సుప్రీంకోర్టు దాక పోవలసి వచ్చినది.

అతని పేరు ధరమ్‌వీర్ సింగు. 1985లో సిగ్నల్స్ విభాగమున చేరి, తొమ్మిది సంవత్సరములు కొలువు చేసి, 1994లో మూర్ఛరోగమను కారణముచే పంపివేయబడెను. బోర్డు వైకల్యము నూటికి 20 అని వ్రాసి, అది దేహస్వభావముననే వచ్చినది, సేవకు సంబంధము లేదని ముగించెను. ఎందుకు సంబంధము లేదో ఒక్క వాక్యము వ్రాయలేదు. 2013 జులై 2వ తేదీన సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చి, చేరునాటి పత్రములో రోగమును గూర్చిన వ్రాత లేనప్పుడు సంబంధము లేదనుటకు బోర్డు కారణము చూపవలెనని చెప్పి, అతనికి పింఛను ఇప్పించెను. భీష్మునికున్నపాటి బాధ్యత బోర్డునకును కలదని దీని తాత్పర్యము. తరువాత ఎందరో సైనికుల వ్యాజ్యములలో ఈ తీర్పునే ఆధారముగా తీసికొనిరి.

శాతమును గూర్చి కొంచెము చెప్పి ముందునకు పోవుదును. పింఛనులో సేవాంశము వేరు, వైకల్యాంశము వేరు. వైకల్యము నూటికి నూరైనచో వైకల్యాంశము కడపటి జీతములో నూటికి 30 పాళ్లు. జీతము 40,000 అనుకొనుడు. నూరు శాతమునకు 12,000. వైకల్యము 20 శాతమైనచో 2,400. కాని 1996 మొదలు పంపివేయబడినవారికి అంకెను పైకి సర్దు పద్ధతి వచ్చినది: 50కి లోపున్నది 50, అటుపై 75 వరకు 75, ఆపై 100. అనగా 2,400 కాక 6,000. గడువు నిండి వచ్చినవారికిని ఈ సర్దుబాటు చెల్లునని 2014 డిసెంబరులో రామ్ అవతార్ వ్యాజ్యమున తేలినది. అయితే ఒక గీత కలదు. గడువు నిండి వచ్చినవానికి 20 శాతమునకు తక్కువ వ్రాసినచో ఏమియు రాదని 2019లో సుప్రీంకోర్టే చెప్పినది. గడువు నిండకమునుపే రోగమని పంపివేసినవానికి మాత్రము, పంపివేసినారనగానే వైకల్యము 20కి మించినదనియే తలంపవలెనని 2014లో సుఖ్‌వీందర్ సింగు వ్యాజ్యమున చెప్పినది. పందొమ్మిదికిని ఇరువదికిని నడుమ నున్న ఆ ఒక్క అంకె ఒక ఇంటి బియ్యపు బస్తా. 2023 సెప్టెంబరులో క్రొత్త అర్హతా నియమములు వచ్చినవి; అటుతరువాత విరమించువారు తమ పత్రము ఏ నియమముల క్రింద వ్రాయబడినదో ముందుగా చూచుకొనవలెను. నేను పైన చెప్పినది పాతవారి లెక్క.

ఇప్పుడు మా శిష్యుని మోకాలికి వత్తును.

మొదటి కొలువులో శిక్షణ చేయుచుండగా కందకములో పడి మోకాలు దెబ్బతినెను. అప్పటి అధికారి గాయపు నివేదిక వ్రాసెను. కాలు బాగుపడినది, గడువు నిండి ఇంటికి వచ్చునాడు బోర్డు దానిని సేవాజనితమే యని ఒప్పుకొని, నూటికి 15 అని వేసెను. 20కి తక్కువ గనుక పైకము రాలేదు. వానికి సేవా పింఛను వచ్చినది, వాడును పట్టించుకొనలేదు. ఏడాది తరువాత రెండవ దళమున చేరెను. ఆ పాత పత్రము చూపినచో తీసికొనరేమో యని భయపడి దానిని ఇనుప పెట్టెలో అడుగున దాచెను. అచటి వైద్యుడు చూచి యోగ్యుడని వ్రాసెను. ఆరేడు సంవత్సరములు రాత్రింబవళ్లు నిలుచుండి కావలి కాచుటలో మోకాలు అరిగినది. తుదకు పనికిరాడని తేల్చి పంపివేసిరి. వైకల్యము నూటికి 30 అని వేసిరి. కాని కారణపు గడిలో సేవాజనితము కాదు, సేవావర్ధితమును కాదు అని వ్రాసిరి.

ఎందుకట్లు వ్రాసిరో వెదకగా, అదే పత్రము మొదటి భాగమున, సైనికుడు స్వయముగా చెప్పుకొనవలసిన గడిలో మాకు దొరకినది. దళమున చేరుటకు పూర్వము ఈ వైకల్యము నీకు కలదా యను ప్రశ్న అందున్నది. దాని యెదుట "అవును" అని యున్నది. వ్రాసినది వాడు కాదు. వరుసలో నిలుచున్నవారి పత్రములన్నియు నింపుచున్న గుమాస్తా యొకడు. "మోకాలి నొప్పి పాతదేనా?" అని అడిగెనట. "పాతదే సార్" అని వీడనెనట. సంతకము వీడిదే.

నేను నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియలేదు. ముప్పదియేండ్లు వ్యాకరణము చెప్పితిని. పూర్వమను శబ్దము ఒంటిగా నిలువదు. దేనికి పూర్వమో చెప్పు అవధి దానికి కావలెను. సంస్కృతములో అందుకే పూర్వశబ్దమునకు పంచమీ విభక్తితో పొత్తు. ఇచట అవధి యేది? రెండవ కొలువునకు పూర్వమనుట నిజము. సైన్యమునకు పూర్వమనుట అబద్ధము. వాని మోకాలు విరిగినది మొదటి కొలువులో, ఆ సర్కారువారి కందకములోనే. బోర్డు ఆ "అవును" చూచి, నాటుబండి మీదనుండి పడినవాని గాయమువలె దానిని ఇంటినుండి తెచ్చుకొన్నదిగా ఎంచినది. వాడు భయపడి దాచిన పాత కాగితమే వానికి మేలైన సాక్షి! అది యెదుట నున్నచో గాయము సేవలో పుట్టినదని మొదటి బోర్డే ఒప్పుకొన్నట్లు తెలియును. నాటి 15 నేటికి 30 అయినదనగా నడుమ నున్న కావలి దానిని పెంచినదని చిన్నపిల్లవాడును చెప్పగలడు.

రెండు కొలువులవారందరు గమనింపవలసినది ఇదియే. మొదటి కొలువునాటి శాతము రెండవనాడు తనంతట తాను పింఛను ఇయ్యదు. రెండవ బోర్డు క్రొత్తగా చూచి క్రొత్తగా వ్రాయును. పాత శాతమున్నంత మాత్రమున పనికిరాడనియు కాదు. కాని పాత పత్రము కాలమునకు సాక్షి: ఏ లోపము ఎప్పుడు, ఎచట, ఎంత యుండెనో చెప్పునది అదియొక్కటే. అది లేనిచో రెండవ బోర్డునకు ముందున్నదంతయు చీకటి. ఆ చీకటిలో "పాతదే సార్" అనుమాట ఎట్లైనను అర్థమగును.

ఇట్టి చిక్కు మనకే కలదనుకొనరాదు. అమెరికాలో స్థిరపడిన మనవారి పిల్లలు కొందరు ఆ దేశపు సైన్యమునను చేరుచున్నారు. అచట రిజర్వు దళములు మిక్కిలి పెద్దవి. ఒకప్పుడు పూర్తికొలువు చేసి మాజీ సైనికుల శాఖనుండి వైకల్య శాతము పొందినవాడు, మరల రిజర్వులో వారాంతపు కవాతులకు పోవుచుండును. ఒకే దినమునకు వైకల్యపు సొమ్మును, కవాతు జీతమును రెండును తీసికొనరాదు, ఒకటి వదలుకొనవలెను. రిజర్వునుండి వైద్యకారణముచే తీయవలసి వచ్చినపుడు, పనికి వచ్చునా రాడా అనునది సైన్యము చెప్పును. శాతము మాజీ సైనికుల శాఖ చెప్పును. 2007లో ప్రారంభమైన సమ్మిళిత విధానములో ఈ రెండు పరీక్షలు ఒక్కటిగా జరుపుదురు. మాజీ సైనికుల శాఖ ఎంత శాతము ఇచ్చియున్నను, విధికి అడ్డము వచ్చిన లోపమును మాత్రమే సైన్యము లెక్కించును. ఇరువది సంవత్సరముల సేవ లేనివానికి ఆ లోపము 30 శాతమైనచో విరమణ జీతము, తక్కువైనచో ఒక్కమారు సొమ్ము. గాయము విధిలో తగిలినది కాదని తేలినచో రిజర్వువానికి పనికి వచ్చునా రాడా యను తీర్పు తప్ప సొమ్ము లేదు. అచటను అంతయు ఎప్పుడు, ఏ విధిలో అను ప్రశ్నమీదనే తిరుగుచున్నది. ఏడు సముద్రముల కావలను అవధి లేక పూర్వశబ్దము నిలువదు.

మన దేశమున రెండవ కొలువువారికి ధైర్యమిచ్చు తీర్పు పానీరామ్ అనువానిది. అతడు పదాతిదళమున 25 సంవత్సరములు కొలువు చేసి, 2007లో కుమావూను ప్రాంతమున టెరిటోరియల్ ఆర్మీ పర్యావరణ పలటమున మరల చేరెను. 2009లో సెలవు ముగించుకొని విధికి తిరిగి వచ్చుచుండగా ప్రమాదము జరిగి కుడికాలు తీసివేయవలసి వచ్చెను. విచారణలో గాయము సైనిక సేవకు సంబంధించినదే యని తేలినది. బోర్డు నూటికి 80 అని వ్రాసినది. 2012 జనవరి మొదట పంపివేసిరి. ఇంతవరకు అంతయు సక్రమమే. పింఛను అడుగగా ఇయ్యమనిరి. కారణము: పర్యావరణ పలటమున చేరునాడు, ఈ సేవకై అదనపు పింఛను కోరనని అతడొక హామీపత్రము మీద సంతకము చేసియుండెను. ట్రిబ్యునలు కూడ అతని కోరికను త్రోసివేసెను.

సుప్రీంకోర్టున న్యాయమూర్తులు లావు నాగేశ్వరరావుగారును గవాయిగారును 2021 డిసెంబరు 17వ తేదీన తీర్పు చెప్పిరి. నాగేశ్వరరావుగారు మన ఆంధ్రులు. సైనికుడు టెరిటోరియల్ ఆర్మీలోనివాడే, ఆ ఆర్మీవారికి సైన్యపు పింఛను నియమములే వర్తించును. పర్యావరణ పలటమని వేరు చేయుటకు నియమములలో చోటు లేదు. ఇక సంతకమందురా, సర్కారు ఒక వైపునను, సిపాయి ఒక వైపునను ఉన్నపుడు ఆ బేరము సమానుల బేరము కాదు; సంతకము చేయుట, కొలువు వదలుకొనుట తప్ప వానికి వేరు దారి లేదు; అట్టి అన్యాయపు షరతు చెల్లదు. ఇట్లు చెప్పి వైకల్య పింఛను ఇప్పించిరి. ఈ తీర్పు చదివి వినిపించినపుడు మా శిష్యుడు చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "అంటే సంతకం పెట్టినా పోలేదన్నమాట" అనెను. పోలేదు నాయనా, అంటిని. కాని వాని సంగతి కొంత వేరు. అతడు సంతకము చేసినది షరతుమీద. వీడు చేసినది అబద్ధమువలె వినబడు నిజముమీద. దానిని సరిచేయవలెను.

సరిచేయు దారి కలదు. నిరాకరణ ఉత్తరము అందిన ఆరు నెలలలోపల మొదటి అప్పీలు చేయవచ్చును. అది తేలిన తరువాత రెండవ అప్పీలు కలదు. అటుపై సాయుధ దళముల ట్రిబ్యునలు. దీనికి 2007లో చట్టము చేసిరి. 2009నుండి పని చేయుచున్నది. తెలుగు ప్రాంతములకు చెన్నపట్టణపు పీఠము. ఆలస్యమైనంత మాత్రమున హక్కు చావదు; పింఛను నెలనెలకు రావలసినది గనుక నెలనెలకు అన్యాయమును క్రొత్తదియే. కాని ఆలస్యముగా పోయినవానికి వెనుకటి బకాయి మూడు సంవత్సరములకు మించి రాదని 2008లో తర్సేమ్ సింగు వ్యాజ్యమున సుప్రీంకోర్టు గీత గీచినది. మన పల్లెలలో పది పదునైదేండ్లు కాగితములు దూలమున చెక్కి యుంచువారు పోగొట్టుకొనునది ఇదియే. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమున దరఖాస్తు వ్రాయుటకు సహాయము చేయుదురు. వైద్యపత్రముల నకళ్లు కావలెనన్నచో తాను పనిచేసిన దళపు రికార్డు కార్యాలయమునకు వ్రాసి తెప్పించుకొనవచ్చును. రెండు కొలువులు చేసినవానికి రికార్డు కార్యాలయములును రెండు ఉండవచ్చును; ఒకదానికి వ్రాసి రెండవదానిని మరచుట సామాన్యమైన పొరపాటు. రెండవ కార్యాలయమువారు మొదటి కొలువు పత్రములు తమయొద్ద నుండునని మనము తలంపరాదు.

బోర్డు యెదుటికి పోవు మునుపు చేయవలసినవియు చెప్పవలెను. స్వయముగా చెప్పుకొను గడిని ఇతరులచేత నింపింపరాదు. ఇంగ్లీషు రానియెడల తెలుగులో గాని హిందీలో గాని చెప్పి, వ్రాసినది తిరిగి చదివించుకొనవలెను. "పాతదే" అనరాదు, ఏ నెలలో, ఏ స్థలమున, ఏ పని చేయుచుండగా అనవలెను. అదే పత్రములో పై అధికారి చెప్పు భాగమును కలదు. అందులో గాయపు నివేదికను గూర్చి వ్రాసినారా లేదా అడిగి తెలిసికొనవలెను. అడుగుట క్రమశిక్షణకు భంగము కాదు.

ఇంట పెద్దలున్నవారికి ఇంకొక మాట. సేవలో మరణించినవారి భార్యాబిడ్డలకు భక్తవేతనములు ఇయ్యవలెనని కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున విధించెను. కావున పింఛనును భిక్షగా తలచి మొగము చాటుచేయుట తగదు. మా శిష్యుని తల్లి "ఇచ్చిందేదో ఇచ్చారు, సర్కారుతో మనకెందుకురా" అని వానిని ఆపుచు వచ్చినది. ఆమెకు నచ్చజెప్పుటకు నాకు పట్టిన కాలము నియమములు చదువుటకు పట్టిన కాలముకంటె తక్కువ కాదు.

వాడు నా యొద్దకు వచ్చునప్పటికి ఆరు నెలల గడువులో నాలుగున్నర నెలలు గడచిపోయినవి. ఇనుప పెట్టె తెరచి పాత పత్రము తీసితిమి. చెదలు ఒక మూల కొరికినవి గాని తేదీయు, ముద్రయు, 15 అను అంకెయు నిలిచియున్నవి. గాయపు నివేదిక మాత్రము లేదు. మొదటి కొలువు రికార్డు కార్యాలయమునకు వ్రాయగా నలువది దినములకు నకలు వచ్చినది. గడువునకు నాలుగు దినములు మిగిలియుండగా నందిగామ తపాలా కార్యాలయమున అప్పీలును రిజిస్టరు చేయించితిమి. ఇంగ్లీషు మాస్టరు వ్రాసినది నాలుగు పుటలు. నేను పట్టుబట్టి చేర్పించిన వాక్యము ఒకటి: పూర్వమనగా రెండవ కొలువునకు పూర్వమనియే గాని సైన్యమునకు పూర్వమని కాదు.

మూడు నెలల క్రిందట మరల పరీక్షకు రమ్మని పిలుపు వచ్చినది. వాడు పోయి వచ్చెను. ఈమారు గుమాస్తా కలము అందుకొనబోగా, "నేనే రాస్తాను సార్" అనెనట. ఏమి వ్రాసితివని అడిగితిని. సంవత్సరము, నెల, కందకమున్న ఊరు, అప్పటి తన పలటము పేరు వ్రాసి, క్రింద రెండు పత్రముల సంఖ్యలు వేసితిననెను. ఇంకను తీర్పు రాలేదు. నిన్న సాయంకాలము మిరపచేను నుండి వచ్చుచు, కాలు ఈడ్చుకొనుచునే, తపాలా జవాను మా వీథికి వచ్చినాడా యని అడిగి పోయెను.